ఎనిమిదో నంబరు స్పానర్

2006 అక్టోబరు ఏడో తేదీ, శనివారం ఉదయం ఆరున్నరకి మా నాన్న నార్మండ్ గెరెట్, డెల్బర్ట్ హాస్కెల్ అనే అతన్ని పనిలోంచి తీసేశాడు. డెల్బర్ట్ పదకొండేళ్లుగా మా బంగాళాదుంపల పొలంలో తవ్వకం యంత్రం లాగే ట్రాక్టరు నడిపిన మనిషి. మా గిడ్డంగి వెనక, చక్రాల మీద నిలిపిన ట్రైలర్ ఇంట్లో ఉండేవాడు. నెలాఖరులోగా ఆ ఇంటిని కూడా లాక్కుపొమ్మన్నాడు నాన్న. అప్పటికి తవ్వాల్సింది నాలుగెకరాలే మిగిలింది. అందాకా ఆగి తీసేశాడు.

కారణం ఒక పిల్లల ఏటీవీ. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలుకుండే హ్యాండిలు, ఎర్ర రంగు. ఇంజను స్టార్టయ్యేది. బండి కదిలేది కాదు.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా చెల్లెలు కెమీల్‌కి తొమ్మిది. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో మా వైపు సెప్టెంబరు నడిమికి బడి మూసేసి మూడు వారాలు పిల్లల్ని దుంపల పనికి వదులుతారు. ఆ ఏడు సెలవులు సోమవారం మొదలవుతాయనగా, శనివారం మధ్యాహ్నం డెల్బర్ట్ ఆ బండిని తన ట్రక్కులో వేసుకుని మా పెరట్లోకి తెచ్చాడు.

బేరం అంతకు ముందే కుదిరింది. ట్రైలర్ ఉన్న జాగా తనకి కావాలని నాన్న వేసవి నుంచీ అంటున్నాడు. ఈ ఒక్క చలికాలం ఉండనివ్వమని డెల్బర్ట్ అడిగాడు. దానికి బదులుగా తన కూతురి బండి ఇస్తానన్నాడు. ఆ పిల్ల వాళ్లమ్మతో బ్యాంగర్ వెళ్లిపోయి రెండేళ్లయింది. నాన్న ఒప్పుకున్నాడు. బండి కెమీల్‌కి, జాగా డెల్బర్ట్‌కి. మా వైపు చలికాలం అంటే అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకా.

అతను వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. రెండు చెక్కలు ఆనించి బండిని తోసి దించాడు. ఇంజను స్టార్ట్ చేసి వినిపించాడు గానీ ఎక్కలేదు. తను ఎక్కితే దాని నడుం విరుగుతుందన్నాడు. అతను నూట ఇరవై కిలోల మనిషి.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి హ్యాండిలు కుడివైపు చూపించాడు. అక్కడ బొటనవేలితో నొక్కి వేగం పెంచే మీట ఉంది. దాని కింద ఒక చిన్న స్క్రూ, స్క్రూ కదలకుండా పట్టుకునే నట్టు.

"దీన్ని లోపలికి తిప్పేకొద్దీ మీట తక్కువ దిగుతుంది. మా అమ్మాయి ఆరేళ్లప్పుడు సగం దాకా తిప్పి ఉంచాను. ఇప్పుడు మొత్తం బయటికి తీసేశాను. కెమీల్ చిన్నపిల్ల కదా, మొదట్లో కాస్త లోపలికి పెట్టమని మీ నాన్నతో చెప్పు. మరీ తిప్పేస్తే కదలనే కదలదు. ఇంజను ఓ వేగం అందుకుంటే గానీ క్లచ్ పట్టుకోదు."

చెప్తానన్నాను.

నేను తొమ్మిదేళ్లప్పుడు ఇలాంటి బండే అడిగాను. నాన్న మర్నాడు నన్ను తవ్వకం యంత్రం మీద నిలబెట్టాడు. యంత్రం మట్టిలోంచి దుంపలు పైకి తెస్తుంది, అవి బెల్టు మీద వెళ్తుంటే రాళ్లు, కుళ్లిన దుంపలు, తీగలు ఏరిపారెయ్యాలి. పొద్దున ఆరున్నర నుంచి చీకటి పడేదాకా. అప్పట్నుంచి ఏటా అదే నా చోటు.

ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్లి గోడ మీంచి ఎనిమిదో నంబరు స్పానర్ తీసుకున్నాను. నట్టు వదులు చేసి స్క్రూని ఆఖరి దాకా లోపలికి తిప్పి మళ్లీ బిగించాను. కెమీల్ ఒక్క రోజు ఏడవనీ అనుకున్నాను. సోమవారం సరిచేద్దామనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కెమీల్ హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. ఇంజను స్టార్టయింది. మీట నొక్కింది. ఇంజను కొంచెం మూలిగింది. బండి ఉన్నచోటే ఉంది. నాన్న నవ్వాడు. బ్రేకు పట్టేసి ఉంటుందన్నాడు.

పనిముట్లు తేవడానికి షెడ్డులోకి వెళ్లి అక్కణ్నుంచే కేకేశాడు. షెడ్డు గోడకున్న చెక్క మీద ప్రతి పనిముట్టుకీ ఒక మేకు, దాని చుట్టూ నల్ల రంగుతో ఆ పనిముట్టు ఆకారం గీసి ఉంటుంది. ఎనిమిదో నంబరు మేకు ఖాళీగా ఉంది. స్పానర్ కిటికీ గట్టు మీద దొరికింది. ఎవరు తీశారని అడిగాడు. నేను మాట్లాడలేదు. కెమీల్ తను కాదంది. బండి దానిది కనక తీసిందీ అదే అనుకుని, అబద్ధం ఆడినందుకని ఆ రోజంతా చెల్లెల్ని సిమెంటు నేల మీద మోకాళ్ల మీద నిలబెట్టి తన పనికి టార్చి పట్టించాడు.

ఆ రోజు బ్రేకులు విప్పాడు. బ్రేకులు వదులుగానే ఉన్నాయి. గొలుసు మీది మూత తీశాడు. గొలుసు బాగానే ఉంది. వెనక చక్రాలు పైకెత్తి చేత్తో తిప్పాడు. తిరిగాయి.

సోమవారం నుంచి తవ్వకాలు. పొద్దున ఐదింటికి రేడియోలో ఏ రైతు ఏ పొలంలో పని పెడుతున్నాడో చదువుతారు. గెరెట్ మనుషులు వంతెన పక్క పొలానికి రావాలని ఆ రోజు చెప్పారు. నాకు షెడ్డులోకి వెళ్లే తీరిక దొరకలేదు. మంగళవారం తీరిక దొరికింది. కానీ ఆపాటికి నాన్న పొలంలో పదిమంది ముందు డెల్బర్ట్‌ని అడిగేశాడు.

"నీ బండి కదలదేంటి?"

"కదలాలే. మంచి బండి."

"అంటే నాకు నడపడం రాదంటావా?"

డెల్బర్ట్ సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. నాన్న వద్దన్నాడు. "అంటగట్టింది నువ్వే, బాగుచేసేదీ నువ్వేనా? దాని జోలికి రాకు," అన్నాడు.

ఆ తర్వాత నాన్న రోజూ మధ్యాహ్నం తిండి వేళ ఒక అరగంట ఆ బండి మీద పెట్టాడు. ఇరుసు చూశాడు. ఆయిలు తీసి వేరే ఆయిలు పోశాడు. క్లచ్ మూత విప్పి లోపలి రేకులు తుడిచి పెట్టాడు. కార్బ్యురేటర్ విప్పి పెట్రోలులో కడిగాడు. ఆఖరికి ఇంజనుకి ఊపిరి లేదన్నాడు. చచ్చిన ఇంజనుకి రంగు వేసి తెచ్చాడన్నాడు.

మీట కింది స్క్రూ ఆయనకి తట్టలేదు. మా పెరట్లో ఏ యంత్రానికీ పిల్లల్ని ఆపే ఏర్పాటు లేదు. నేను పదో ఏట దుంపల ట్రక్కు నడిపాను, క్లచ్ అందక సీటు అంచుకి జారి కూర్చుని. నాన్న ఎనిమిదో ఏట నడిపాడు. పిల్లల చేతికిచ్చిన బండిని కావాలని నెమ్మది చేసే తల్లిదండ్రులు ఉంటారని ఆయన ఎన్నడూ విని ఉండడు.

బెల్టు దగ్గర మేం నలుగురం. మధ్యలో జనీన్ అత్త, అంటే నాన్న చెల్లెలు. ఊళ్లో ఆవిడ నోటికి అందరూ భయపడేవాళ్లు. మేం మాట్లాడుకునేది ఫ్రెంచి. డెల్బర్ట్ దక్షిణం నుంచి వచ్చిన ఇంగ్లీషు మనిషి. పదకొండేళ్లయినా మాకు బయటివాడే, అందుకని అతని ముందే అతని గురించి మాట్లాడుకునేవాళ్లం.

"అచ్చం మా ఆయన లాంటి బండే," అంది అత్త రెండో వారంలో, డెల్బర్ట్ రెండు అడుగుల దూరంలో టీ తాగుతుంటే. "పొద్దున్నే గొంతు లేస్తుంది, మనిషి లేవడు."

అందరం నవ్వాం. డెల్బర్ట్ కూడా మావైపు చూసి నవ్వాడు. అర్థం కాకపోయినా నవ్వుతున్నాడని అత్త ఇంకా నవ్వింది.

ఆ వారమే అత్త ఒక అట్టముక్క తెచ్చింది. నా దస్తూరీ బాగుంటుందని నన్నే రాయమంది. అతనికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాశాను. 'హాస్కెల్ సరుకు. ఇంజను నడుస్తుంది, బండి నడవదు.' దాన్ని అతని ట్రాక్టరు వెనక కట్టారు. రోజంతా అతను దాన్ని వేసుకుని చాళ్ల వెంట తిరిగాడు. ట్రక్కులవాళ్లు పక్కనుంచి పోతూ హారన్లు కొట్టారు. అతను చెయ్యి ఊపాడు. సాయంత్రం దిగినప్పుడు చూసుకున్నాడు. విప్పి, రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరు రాశారని అడగలేదు. నాన్న అక్కడే ఉన్నాడు.

అక్టోబరు మూడో తేదీ, మంగళవారం. తీగలు చుట్టుకుని యంత్రం ఆగింది. డెల్బర్ట్ కిందికి దూరాడు. కత్తి అందించడానికి నేను పక్కన కూర్చున్నాను. మిగతావాళ్లు గట్టు మీద కాఫీ దగ్గరున్నారు.

"జోలీన్," అన్నాడు కింద నుంచే. "ఆ స్క్రూ సంగతి మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను."

"తిప్పి చూశాడా?"

"చూశాడు. అది కాదట."

అతను కాసేపు తీగలు కోశాడు.

"అయితే నాకేం తోచట్లేదు," అన్నాడు. "మా పాప ఎక్కిన బండి. వెళ్లే ముందు రోజు కూడా ఎక్కింది." కత్తి నాకు తిరిగిచ్చాడు. "చెప్పినందుకు థాంక్స్, బాస్."

నన్ను తొమ్మిదో ఏట నుంచీ బాస్ అనేవాడు. బెల్టు దగ్గర నాకు ఎత్తు చాలకపోతే పాల డబ్బాలు మోసే పెట్టె ఒకటి తెచ్చి కాళ్ల కింద వేసింది అతనే.

శుక్రవారం సాయంత్రం నాన్న లెక్క చూసుకున్నాడు. నాలుగెకరాలు. అది తనే నడుపుకోగలడు. శనివారం పొద్దున మంచు గడ్డకట్టి నేల గట్టిగా ఉంది, పని మొదలు కాలేదు. అందరం గట్టు మీద నిలబడి ఉన్నాం. నాన్న డెల్బర్ట్ దగ్గరికి నడిచాడు.

"ఇవాళ నువ్వు ఎక్కక్కర్లేదు. తాళాలియ్యి."

డెల్బర్ట్ తాళాలు ఇచ్చాడు. ఏదో సామాను తేవడానికి ఊళ్లోకి పంపుతున్నాడనుకుని నిలబడ్డాడు.

"బేరం రద్దు. నెలాఖరుకి నీ పెట్టె నా నేల మీంచి లేవాలి."

"నార్మండ్, నేల గడ్డకట్టే రోజులు. ఆ ట్రైలర్ చక్రాలు ఎనిమిదేళ్లయి కదల్లేదు. ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లను?"

"ఇంజను నడుస్తుందిగా, తోలుకుపో," అంది జనీన్ అత్త ఫ్రెంచిలో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఒక్కసారి నన్ను చూడనివ్వండి. పది నిమిషాలు," అన్నాడు డెల్బర్ట్. "మీరు అన్నీ చూశారని జోలీన్ చెప్పింది. అయినా ఒక్కసారి."

"చూశాను," అన్నాడు నాన్న. "అన్నీ చూశాను. ఏం, అది అబద్ధం చెప్పిందా?"

డెల్బర్ట్ నావైపు చూశాడు. నాన్న కూడా చూశాడు. నేను చేతితొడుగులు వేసుకుంటున్నాను. రెండోది వేసుకోవడం అయ్యాక తల ఊపాను.

"లేదు," అన్నాడు డెల్బర్ట్. "జోలీన్ అబద్ధం చెప్పదు."

టోపీ సర్దుకుని గట్టు వెంట నడిచి వెళ్లాడు. ఏడున్నరకి నేల మెత్తబడింది. నాన్న ట్రాక్టరు ఎక్కాడు.

మంగళవారం బడి తెరిచారు.

అక్టోబరు ఇరవై ఎనిమిదిన డెల్బర్ట్ ఎవరినో బతిమాలి పెద్ద ట్రక్కు తెచ్చుకుని ట్రైలర్ లాగించాడు. చక్రాల రబ్బరు ఊడి వచ్చింది. రెండు వందల గజాలు వెళ్లాక, మా దారి పెద్ద రోడ్డులో కలిసే తూము దగ్గర దాని నడుం విరిగింది. సగం రోడ్డు మీద, సగం కాలవలో. రోడ్డు ఖాళీ చెయ్యాలని ఊరి ఆఫీసు కాగితం ఇచ్చింది. ఖాళీ చేయించే స్తోమత అతనికి లేదు. దాన్ని ఊరి అగ్నిమాపక దళానికి సాధన కోసం ఇచ్చేస్తున్నట్టు సంతకం పెట్టాడు.

మా దళంలో జీతగాళ్లు ఎవరూ లేరు, అందరూ రైతులే. ఏడాదికోసారి ఏదో ఒక పాత ఇల్లు దొరికితే నిప్పంటించి ఆర్పడం నేర్చుకుంటారు. నవంబరు ఐదో తేదీ ఆదివారం ఆ ట్రైలర్ని ట్రాక్టరుకి కట్టి దుంపలు తవ్వేసిన మా పొలంలోకే లాగి తగలబెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. అమ్మ, జనీన్ అత్త డోనట్లు చేసుకొచ్చారు. నాన్న నీళ్ల గొట్టం పట్టుకున్నాడు. మొదటిసారి ఆర్పాక కుర్రాళ్లకి ఇంకో అవకాశం ఇవ్వాలని మళ్లీ అంటించారు. కిటికీకి ఇంకా ఒక తెర వేలాడుతూ ఉంది. పసుపు రంగుది.

డెల్బర్ట్ రోడ్డు అవతల తన ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. సీట్ల వెనక కిటికీ దాకా సామాను. జనీన్ అత్త నన్ను వెంటబెట్టుకుని రోడ్డు దాటి వెళ్లింది. కాఫీ కప్పు, కాగితంలో చుట్టిన రెండు డోనట్లు దించిన అద్దం మీంచి అందించింది. అంత పెద్ద మంట చూస్తూ ఉత్త చేతుల్తో కూర్చున్నాడు, చూళ్లేకపోయానని తర్వాత అమ్మతో అంది.

అతను తీసుకున్నాడు.

"థాంక్స్, జనీన్," అన్నాడు. "మీ ఆయన లేచాడా ఇవాళ?"

ఫ్రెంచిలో అన్నాడు. మా ఊరి ఫ్రెంచి, మా యాస.

అత్త చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది. డెల్బర్ట్ నావైపు చూసి, "వస్తాను, బాస్," అన్నాడు. అది కూడా ఫ్రెంచిలోనే. కాఫీ పడకుండా కప్పుని డ్యాష్‌బోర్డు మీద పెట్టి ట్రక్కు స్టార్ట్ చేశాడు. దక్షిణానికి వెళ్లాడు. తర్వాత అతన్ని నేను చూడలేదు. హౌల్టన్‌లో కలప మిల్లులో ఉన్నాడని ఒకరన్నారు. ఆ చలికాలం ట్రక్కులోనే పడుకునేవాడని ఇంకొకరన్నారు. రెండిట్లో ఏదీ నేను రూఢి చేసుకోలేకపోయాను.

నవంబరు పన్నెండు, ఆదివారం. కెమీల్ చర్చి వెనక బైబిలు తరగతికి వెళ్లింది. నాన్నని భోజనానికి పిలుచుకురమ్మని అమ్మ నన్ను షెడ్డుకి పంపింది.

బండి చెక్కదిమ్మల మీద ఎత్తి ఉంది. నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చలికి మీట తీగ పట్టేస్తుందని నూనె వెయ్యబోయాడు. మీట సగం కూడా దిగకపోవడం అప్పుడు చూశాడు. స్క్రూని అప్పటికే తిప్పి బయటికి తీసేశాడు. నేను లోపలికి వచ్చేసరికి స్టార్టర్ నొక్కాడు. బొటనవేలు మీట మీద పెట్టాడు. ఇంజను అరిచింది. వెనక చక్రాలు రెండూ గాల్లో గిర్రున తిరిగాయి. అంత వేగంగా తిరుగుతాయని నేను అనుకోలేదు.

ఇంజను ఆపాడు. చక్రాలు నెమ్మదించి ఆగాయి.

"నట్టు మీద గీత ఉంది," అన్నాడు. "కొత్తది."

చేతిలో ఎనిమిదో నంబరు స్పానర్ ఉంది. దాన్ని చూసి నన్ను చూశాడు.

"డెల్బర్ట్‌కి ఇది తెలుసా?"

"తెలుసు. నాకు చూపించింది ఆయనే."

"నాతో చెప్పమన్నాడా?"

"అన్నాడు."

"తర్వాత మళ్లీ అడిగాడా?"

"అడిగాడు. నువ్వు చూశావని చెప్పాను."

నన్ను కొడతాడనుకున్నాను. అంతకంటే తక్కువ తప్పులకి కొట్టేవాడు. తలుపు వైపు చూశాడు. అక్కణ్నుంచి పొలంలో కాలిన నల్ల మచ్చ కనపడుతుంది. మా ఇంటి దారిన వచ్చే ఎవరికైనా కనపడుతుంది.

స్క్రూ డ్రైవర్ తీసుకుని స్క్రూని లోపలికి తిప్పాడు. ఆఖరి దాకా తిప్పాడు. నట్టు బిగించాడు. మీట నొక్కి చూశాడు. కాస్తే దిగింది. లేచి స్పానర్‌ని దాని మేకుకి, దాని నల్ల గీత మధ్యలో తగిలించాడు.

"అయితే చూశాను," అన్నాడు.

భోజనానికి వెళ్లాం. చికెన్ పులుసు, ఒకవైపే కాల్చే మా అట్లు. కెమీల్ వచ్చి కూర్చుంటూ బండి లోపం దొరికిందా అని అడిగింది.

"లేదు," అన్నాడు నాన్న. "అది చచ్చిన బండి. ఇంక దాని ఊసెత్తకు."

కెమీల్ నావైపు తిరిగింది. నేను అట్టు మీద వెన్న రాసుకుంటున్నాను.

2007 మే పంతొమ్మిదిన, శనివారం, పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. ఆఖరిసారి స్టార్ట్ చేస్తానని కెమీల్ అడిగింది. నాన్న చెయ్యనిచ్చాడు. చలికాలమంతా షెడ్డులో ఉన్నా మొదటి నొక్కుకే స్టార్టయింది. కెమీల్ ఎక్కి కూర్చుని మీట నొక్కి పట్టుకుంది. ఇంజను మూలిగింది. ఇనుము మనిషి చెక్కలు ఆనించాడు. కెమీల్‌ని దింపి, అతను, నాన్న, నేను కలిసి బండిని తోసి ట్రక్కులోకి ఎక్కించాం.